పాత దస్తావేజులను వెదకుట యెట్లు?

మన పిల్లలలో పలువురు నేడు తిరువళ్లూరున రైలెక్కి చెన్నపట్టణమునందలి కంప్యూటరు సంస్థలకు పోవుచున్నారు. అట్టి సంస్థలలో ఫైళ్ల ప్రతులను టేపులపై భద్రపరచి, ఏ ఫైలు ఏ టేపుపై నున్నదో తెలుపు పట్టికను వేరుగా నుంచుదురు. వెదకువారు టేపును త్రిప్పరు; పట్టికను అడుగుదురు. టీవోలి యను పేర ప్రసిద్ధమైన ఐ.బి.ఎం. వారి ప్రోగ్రామునందు 'క్వెరీ బ్యాకప్' అను ఆజ్ఞ నిచ్చిన తాజా ప్రతులు మాత్రమే కానవచ్చును. 'ఇనాక్టివ్' అను మాటను చేర్చిననే వెనుకటి ప్రతులును, తుడిచివేసిన ఫైళ్ల ప్రతులును, గడువు తీరకుండిన యెడల, బయటపడును. అడుగుటలో కొరత యున్నచో ఉన్నదియే లేనట్లు తోచును.

సబ్ రిజిస్ట్రారు కచేరిలోని పట్టికయు నట్టిదే. పిల్లల చదువునకో పెండ్లికో భూమిని అమ్మబోవు తల్లిదండ్రులకు దానితో పని తప్పదు. 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము ననుసరించి స్థిరాస్తి దస్తావేజులు ఒకటవ పుస్తకమున నమోదగును. దానికి రెండు సూచికలు కలవు: మొదటిది వ్రాసియిచ్చినవారి, వ్రాయించుకొన్నవారి పేర్లను బట్టి, రెండవది ఆస్తి వివరములను బట్టి. రుసుము చెల్లించిన యెవరైనను చూడవచ్చును. మనవారు విల్లంగం సర్టిఫికెట్ అనునది ఈ వెదకులాట ఫలితమే. అందు గ్రామము, సర్వే నంబరు, ఏ తేదీనుండి ఏ తేదీవరకు అని మనము తెలుపవలెను. పదేండ్లకే అడిగిన పదేండ్లకే జవాబు వచ్చును. పదునొకండవ యేట జరిగిన తనఖా అందు కానరాదు.

మన ప్రాంతమున మరియొక చిక్కు కలదు. తిరుత్తణి 1960 ఏప్రిల్ 1 వరకు చిత్తూరు జిల్లాలోనిది. 1959 నాటి సరిహద్దుల మార్పు చట్టమువలన మదరాసు రాష్ట్రమున చేరి చెంగల్పట్టు జిల్లాలో నుండెను. తిరువళ్లూరు జిల్లా 1997లో ఏర్పడినది. కనుక ఒక్క చేనికే తాత పత్రమున ఒక జిల్లా, తండ్రి పత్రమున మరియొకటి, కుమారుని పత్రమున వేరొకటి యుండవచ్చును. ఊరు మాత్రము కదలలేదు! సర్వే నంబర్ల ఉపవిభాగములును కాలక్రమమున మారును. పాత నంబరునకు నేటి నంబరేదో తాలూకా కచేరిలో ముందుగా విచారింపవలెను.

పేర్ల విషయము మన తెలుగువారికి మరింత ముఖ్యము. తమిళ లిపిలో ప, బ, భ లకు అక్షర మొక్కటే. క, గ లకును అంతే. బాలయ్య తమిళమునుండి ఇంగ్లీషునకు పోవునప్పుడు పాలయ్య యగుట కలదు. గంగయ్య కంకయ్య కావచ్చును. ఇంటిపేరు కొన్ని పత్రములలో పూర్తిగా నుండును, కొన్నింట ఒక్క పొడి అక్షరమే మిగులును. కావున పేరుతో వెదకువారు రెండు మూడు విధముల వ్రాసి చూడవలెను. సర్వే నంబరుతో వెదకుటయే మేలని మా అభిప్రాయము.

వీలునామాలు మూడవ పుస్తకమునకు చేరును. వాని సూచిక వేరు. అవి విల్లంగం సర్టిఫికెట్టులో రావు. తాతగారు వీలునామా రిజిస్టరు చేయించిరని వినియున్నచో, ఆయన మరణానంతరము దాని నకలు కొరకు ప్రత్యేకముగా దరఖాస్తు పెట్టవలెను.