భుజం నొప్పికి ఆపరేషన్... ఎవరికి అవసరం?

తల దువ్వుకుందామంటే చెయ్యి లేవదు. జాకెట్టు హుక్సు పెట్టుకోవాలన్నా, పై అరలో డబ్బా అందుకోవాలన్నా ప్రాణం పోతున్నట్టుంటుంది. ఎమ్మారై తీయిస్తే రిపోర్టులో ‘టెండన్‌లో చిరుగు’ అని వస్తుంది. ఇక ఇంట్లో ఒకటే చర్చ... ఆపరేషన్ చేయించాలా, వద్దా?

సర్జన్లు చదివే గ్రంథాల్లో భుజానికి చాలా ఆపరేషన్లే ఉంటాయి. అయితే వాటన్నింటి వెనకా ఉన్న ఆధారం ఒకే స్థాయిలో ఉండదు. భుజం మీద గొడుగులా ఉండే ఎముక తన కింది టెండన్‌ను ఒరుసుకోవడం వల్లే నొప్పి వస్తుందనీ, ఆ ఎముకను కాస్త చెక్కితే తగ్గుతుందనీ అమెరికన్ సర్జన్ చార్లెస్ నీర్ 1972లో రాశారు. వినడానికి సబబుగానే ఉంది. ఆ తర్వాత కీహోల్ పద్ధతి రావడంతో అది ప్రపంచమంతటా మామూలు ఆపరేషన్ అయిపోయింది.

దాన్ని గట్టిగా పరీక్షించడానికి మాత్రం దశాబ్దాలు పట్టింది. బ్రిటన్‌లో 313 మందిని మూడు గుంపులు చేశారు. కొందరికి ఎముక చెక్కారు. కొందరికి కెమెరా గొట్టం లోపలికి పంపి చూసి, ఎముక జోలికి పోకుండా వదిలేశారు. మిగతావారికి ఏ చికిత్సా చేయలేదు. ఆరు నెలల తర్వాత చూస్తే ఎముక చెక్కినవారికీ, ఊరికే చూసి వదిలేసినవారికీ ఫలితంలో తేడా లేదు! చికిత్స లేనివారితో పోల్చినా పెద్ద లాభం కనపడలేదు. 2018లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఫలితమిది. ఇలాంటి నొప్పికి ఈ ఆపరేషన్ వద్దని మరుసటి ఏడాది బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో నిపుణుల బృందం గట్టిగానే సూచించింది.

అలాగని భుజం ఆపరేషన్లన్నీ వృథా అనుకోవద్దు. కింద పడిన వెంటనే చెయ్యి పైకి లేవకుండా పోతే టెండన్ పూర్తిగా తెగి ఉండొచ్చు. నెలల తరబడి తైలాలు రాస్తూ కూర్చుంటే కండరం చిక్కి, కొవ్వు పట్టి, తర్వాత కుట్టినా అతకడం కష్టం. పడుచువాళ్లకు భుజం పదేపదే జారుతున్నా సర్జన్‌ను కలవాల్సిందే. పెద్దవయసులో టెండన్ కుట్టడానికి వీల్లేనంతగా పాడై, కీలూ అరిగితే ‘రివర్స్’ కీలుమార్పిడి ఉంది. ఫ్రాన్స్‌లో పాల్ గ్రామాంట్ 1985లో రూపొందించిన ఉపాయమిది: గిన్నె ఉండాల్సిన చోట బంతి, బంతి ఉండాల్సిన చోట గిన్నె. అప్పుడు చెయ్యి లేపే పనిని భుజం పైనున్న పెద్ద కండరం చూసుకుంటుంది.

వయసు మళ్లిన కొద్దీ నొప్పే లేనివారి ఎమ్మారైలోనూ చిరుగులు కనిపిస్తాయి. కాబట్టి డాక్టర్‌ను ఇలా అడగండి: ‘నా నొప్పికి కారణం ఈ చిరుగేనా? మూడు నెలలు ఫిజియోథెరపీ చేసి చూడొచ్చా? ఆగితే నష్టమేంటి?’

షుగర్ ఉన్నవారిలో భుజం బిగుసుకుపోతే, అది చాలాసార్లు ఫ్రోజెన్ షోల్డరే. అది కత్తి అవసరం లేకుండానే చాలామందిలో నెమ్మదిగా సర్దుకుంటుంది, కాకపోతే ఏడాది, రెండేళ్లు పట్టొచ్చు. నొప్పి తగ్గడానికి భుజంలో స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేయించుకుంటే కొన్ని రోజులు షుగర్ పెరుగుతుంది. ఆ రోజుల్లో ఇంట్లో గ్లూకోమీటర్‌తో తరచూ చూసుకుంటూ ఉండాలి.