పడవ కంటే ముందు త్రాసు: మహిళల లైట్‌వెయిట్ సింగిల్ స్కల్స్ అంటే ఏమిటి?

అంతర్జాతీయ రోయింగ్ పోటీల్లో ఈ విభాగంలో దిగే అమ్మాయికి అసలు పరీక్ష నీళ్లలో మొదలవదు. ఒడ్డున ఉన్న తూకం యంత్రం మీద మొదలవుతుంది. పోటీకి రెండు గంటల నుంచి ఒక గంట ముందు లోపల ఆమె వచ్చి, పోటీ దుస్తుల్లోనే తూకం ఎక్కాలి. 59 కిలోలు దాటిందా, ఆ రోజు పోటీ లేదు. ఏడాదంతా చేసిన సాధన, దాటివచ్చిన దేశాలు, ఇంట్లోవాళ్ల ఆశలు అన్నీ ఆ అంకె ముందు ఆగిపోతాయి.

ఈ ఆట పేరు మన ఇళ్లలో పెద్దగా వినపడదు. కానీ దీని కథ తెలుసుకోవాల్సిందే. ఎందుకంటే ఆడపిల్లలకు కొత్త దారి తెరిచిన ఒక నియమమే, కొందరి ఆరోగ్యాన్ని ఎలా దెబ్బతీసిందో ఇందులో కనిపిస్తుంది.

ముందు ఆట ఏమిటో చూద్దాం

పడవలో ఒక్కరే ఉంటారు. రెండు చేతుల్లో రెండు తెడ్లు. ఇలా చేతికొక తెడ్డుతో నడపడాన్ని స్కల్లింగ్ అంటారు. ఒక్కరే కాబట్టి సింగిల్ స్కల్స్. పడవ పొడవు సుమారు 8 మీటర్లు. వెడల్పు మాత్రం మనిషి కూర్చోవడానికి సరిపోయేంతే. బరువు 14 కిలోలకు తగ్గకూడదని నియమం. అంటే రెండు గ్యాస్ సిలిండర్లలో ఒక ఖాళీ సిలిండర్ మోసినంత కూడా కాదు. అంత తేలిక కాబట్టే తెడ్డు కాస్త తప్పుగా పడితే పడవ ఒరిగిపోతుంది.

చూసేవాళ్లకి ఇది చేతుల ఆటలా అనిపిస్తుంది. నిజానికి బలమంతా కాళ్లదే. కూర్చునే సీటు చక్రాల మీద ముందుకీ వెనక్కీ జరుగుతుంది. పాదాలు పడవకు బిగించిన బూట్లలో ఉంటాయి. తెడ్డు నీళ్లలో వేసి కాళ్లతో నెడితే, ఆ ఊపు నడుము, వీపు, చేతుల మీదుగా తెడ్డు దాకా వెళ్తుంది. ఇంకో వింత ఏమిటంటే, వెళ్లే దిక్కుకి వీపు పెట్టి కూర్చుంటారు. ముందున్న వాళ్లకి వెనకున్న వాళ్లు కనిపిస్తారు. వెనకబడిన వాళ్లకి ఎవరూ కనిపించరు, తల తిప్పి చూసుకోవాల్సిందే.

దూరం 2000 మీటర్లు. 1984 దాకా మహిళలకు 1000 మీటర్లే ఉండేది, 1985 నుంచి మగవాళ్లతో సమానం చేశారు. ఫైనల్లో ఆరు వరసల్లో ఆరు పడవలు. ఈ విభాగంలో మంచి వాతావరణంలో ఏడున్నర నిమిషాల చుట్టుపక్కల సమయం పడుతుంది. అంత సేపట్లో దాదాపు 240 సార్లు తెడ్డు వేయాలి. మొదట్లో వేగంగా, మధ్యలో నిలకడగా, చివరి 500 మీటర్లలో మళ్లీ ఉన్నదంతా పెట్టి. ప్రాథమిక రేసులో వెనకబడితే కథ అయిపోయేది కాదు. రెపెషాజ్ అనే రెండో అవకాశం ఉండేది. కానీ పోటీ ఉన్న ప్రతి రోజూ మళ్లీ తూకం తప్పదు.

బరువు నియమం ఎందుకు పెట్టారు?

రోయింగ్‌లో పొడుగు చేతులు, పొడుగు కాళ్లు, భారీ శరీరం ఉన్నవాళ్లకి లాభం ఎక్కువ. పొడుగు మనిషి ఒక్క తెడ్డుకే పడవను ఎక్కువ దూరం నెట్టగలుగుతుంది. అందుకే ఓపెన్ విభాగంలో ఆరడుగుల దగ్గర ఉన్న క్రీడాకారిణులే ఎక్కువగా కనిపిస్తారు. మరి చిన్న శరీరం ఉన్నవాళ్ల సంగతి? వాళ్ల కోసం వచ్చిందే లైట్‌వెయిట్ విభాగం. ప్రపంచ పోటీల్లో మగవాళ్లకి 1974లో, మహిళలకు 1985లో చోటు దొరికింది. ఆసియా దేశాల వాళ్లకి ఇది మంచి అవకాశం అయింది.

1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో లైట్‌వెయిట్ ప్రవేశించింది. అయితే మహిళలకు ఇచ్చింది ఇద్దరు నడిపే డబుల్ స్కల్స్ మాత్రమే. సింగిల్ స్కల్స్ ఎప్పుడూ ఒలింపిక్స్‌కి వెళ్లలేదు. డబుల్‌లో నియమం ఇంకా గట్టిది. ఒక్కొక్కరు 59 కిలోలు దాటకూడదు, ఇద్దరి సగటు 57 మించకూడదు. ఒకరు 59 ఉంటే రెండో అమ్మాయి 55కి దిగాలి.

ఇక్కడే చిక్కు మొదలైంది

ఎవరి శరీరమైతే సహజంగానే 57, 58 కిలోల దగ్గర ఉంటుందో వాళ్లకి ఈ నియమం వరం. కానీ పోటీ పెరిగేకొద్దీ, మామూలుగా 62, 63 కిలోలుండే పొడుగు అమ్మాయిలు కూడా బరువు దించుకుని ఇందులోకి వచ్చారు. తిండి తగ్గించడం, తూకం ముందు నీళ్లు మానేయడం, చెమట పట్టేలా బట్టల మీద బట్టలు వేసుకుని పరుగెత్తడం మామూలైపోయాయి. తూకం అయ్యాక ఒక గంటో రెండు గంటలో దొరికే సమయంలో తిని, తాగి, మళ్లీ శక్తి కూడదీసుకోవాలి. తర్వాత ఒంట్లో ఉన్నదంతా ధారపోసే ఏడున్నర నిమిషాలు.

న్యూజిలాండ్‌కి చెందిన జోయీ మెక్‌బ్రైడ్ ఈ విభాగంలో 2015లోనూ 2016లోనూ ప్రపంచ చాంపియన్. 2019లో జాకీ కిడిల్‌తో కలిసి డబుల్స్ కూడా గెలిచింది. టోక్యోలో పతకం ఖాయం అని అందరూ అనుకుంటున్న సమయంలో, 2021 మార్చిలో ఆట నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. అప్పటికి ఆమెకు 25 ఏళ్లే. బరువు నిలుపుకోవడం కోసం చేస్తున్న పోరాటం తన ఆరోగ్యాన్ని తినేస్తోందని, ముందు ఆరోగ్యమే ముఖ్యమని నిర్ణయించుకుంది. ఓడిపోయి కాదు, గెలుస్తూ ఉండగానే ఆగిపోయింది.

ఈ సమస్యకు వైద్యంలో ఒక పేరుంది. శరీరం ఖర్చు చేసే శక్తికి తగ్గ తిండి అందకపోతే వచ్చే లోపాన్ని రెడ్-ఎస్ అంటున్నారు. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో ఈ పేరును ముందుకు తెచ్చింది. అమ్మాయిల్లో నెలసరి ఆగిపోవడం, ఎముకలు బలహీనపడి సన్నని పగుళ్లు రావడం, ఎంత పడుకున్నా నీరసం తీరకపోవడం, మాటిమాటికీ జబ్బు పడటం దీని గుర్తులు. రోయింగ్‌లో పక్కటెముకల మీద భారం ఎక్కువ కాబట్టి ప్రమాదం మరింత.

మగవాళ్లకీ ఈ బాధ తప్పలేదు. 2018లో ఇండోనేషియాలోని పాలెంబాంగ్‌లో జరిగిన ఆసియా క్రీడల్లో మన దేశానికి చెందిన దుష్యంత్ చౌహాన్ లైట్‌వెయిట్ సింగిల్ స్కల్స్‌లో కాంస్యం సాధించాడు. రేసు అయ్యాక నిలబడే ఓపిక కూడా లేక స్ట్రెచర్ మీద తీసుకెళ్లాల్సి వచ్చింది.

ఒలింపిక్స్ నుంచి ముగింపు

2024 పారిస్‌తో ఒలింపిక్స్‌లో లైట్‌వెయిట్ రోయింగ్ ముగిసిపోయింది. ఆ చివరి మహిళల స్వర్ణం బ్రిటన్ జంట ఎమిలీ క్రెయిగ్, ఇమోజెన్ గ్రాంట్‌లది. టోక్యోలో వీళ్లు సెకనులో నూరో వంతు తేడాతో కాంస్యం పోగొట్టుకున్నారు. ఆ వేగంలో అది సుమారు 5 సెంటీమీటర్లు, అంటే మూడు వేళ్ల వెడల్పు. మూడేళ్లు ఆగి ఆ లోటు తీర్చుకున్నారు. 2028 లాస్ ఏంజెలిస్‌లో లైట్‌వెయిట్ బదులు సముద్ర తీరంలో జరిగే బీచ్ స్ప్రింట్ వస్తోంది.

దీని మీద రెండు వాదనలున్నాయి. తూకం పోతే అమ్మాయిల ఆరోగ్యం బాగుంటుందని ఒకరంటారు. చిన్న శరీరం ఉన్నవాళ్లకి ఉన్న ఒక్క తలుపు మూసేశారని ఇంకొకరంటారు. రెండింట్లోనూ నిజం ఉంది.

మన ఇళ్లకి ఇందులో ఏముంది?

రోయింగ్ మనకు మరీ దూరం కాదు. హైదరాబాద్ హుస్సేన్‌సాగర్‌లో జాతీయ స్థాయి పోటీలు జరిగాయి. 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ప్రతిమా పుహానా, ప్రమీలా ప్రవా మింజ్ మన దేశానికి మహిళల రోయింగ్‌లో కాంస్యం తెచ్చారు. బట్టల గురించి ఆలోచించే తల్లిదండ్రులకు ఒక మాట. ఇరాన్ అమ్మాయిలు తల కప్పుకుని, నిండు చేతుల దుస్తులతోనే ఒలింపిక్స్‌లో పడవ నడిపారు. లండన్‌లో సోల్మాజ్ అబ్బాసీ, రియోలో మహ్సా జావర్, టోక్యోలో నాజనీన్ మలాయీ, పారిస్‌లో ఫాతిమా మొజల్లల్. వాళ్లు దిగింది బరువు పరిమితి లేని ఓపెన్ సింగిల్ స్కల్స్‌లో.

మన బిడ్డ రోయింగే కాదు, కుస్తీ, బాక్సింగ్, జూడో ఏది ఆడినా ఈ తూకం ప్రశ్న వస్తుంది. పోటీ ముందు బిడ్డ కంచం వదిలేస్తే "ఆటగత్తె కదా, అంతే" అని ఊరుకోకండి. కోచ్‌ని అడగండి: నా బిడ్డ మామూలు బరువెంత, ఏ విభాగంలో పెడుతున్నారు, ఎన్ని రోజుల్లో ఎంత తగ్గించమంటున్నారు, ఆహారం సంగతి ఎవరు చూస్తున్నారు? ఎదిగే వయసు పిల్లని వారంలో మూడు కిలోలు తగ్గించమంటే ఒప్పుకోవద్దు, పై విభాగంలో ఆడించమనండి. నెలసరి రెండు మూడు నెలలు రాకపోతే సిగ్గుపడకుండా అమ్మకి చెప్పే చనువు ఇంట్లో ఉండాలి. అమ్మ ఆ మాటని డాక్టర్ దాకా తీసుకెళ్లాలి.

పతకం కోసం మళ్లీ పోటీ పడొచ్చు. పాడైన ఎముకలు మాత్రం అంత తొందరగా తిరిగి రావు. ప్రపంచ చాంపియన్ అయి ఉండి కూడా జోయీ మెక్‌బ్రైడ్ ఆ లెక్క వేసుకుంది. మన పిల్లల తరఫున ఆ లెక్క మనమే ముందుగా వేయాలి.