మాత్రలోని విటమిను – విస్తరిలోని విటమిను

విటమిన్ మాత్రలు వేసుకొనవలెనా, లేక ఆహారముతోనే సరిపుచ్చుకొనవచ్చునా? నా వైద్యశాలకు వచ్చువారిలో ఈ ప్రశ్న అడగనివారు అరుదు. కొందరు బలానికని రంగురంగుల మాత్రలు ఏళ్ల తరబడి మింగుతూ ఉంటారు. మరికొందరు మాత్ర అనగానే కృత్రిమమని తలచి, వైద్యుడు తప్పనిసరి అని వ్రాసి ఇచ్చినదానిని కూడ పారవేస్తారు. ఈ రెండు మార్గములూ ప్రమాదకరములే. ఎక్కడ ఆహారము చాలునో, ఎక్కడ మాత్ర కావలెనో తెలిసికొనుట ప్రతి కుటుంబానికీ అవసరము.

మన డెల్టా నేర్పిన పాఠము

మా చుండూరు కృష్ణా డెల్టాలోని ఊరు. చిరకాలము గుంటూరు జిల్లాలో ఉండి, 2022లో ఏర్పడిన బాపట్ల జిల్లాలో చేరినది. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తి అయిన తరువాత ఈ సీమ ధాన్యాగారమైనది. అట్టి ధాన్యరాశుల నడుమనే గత శతాబ్దపు పూర్వార్ధంలో బెరిబెరి వ్యాధి తిష్ఠ వేసికొని ఉండెడిది. ఉత్తర సర్కారు జిల్లాలను ఆ వ్యాధికి ఉనికిపట్టుగా నాటి వైద్య పరిశోధకులు గుర్తించారు. కాళ్లు తిమ్మిరెక్కుట, ఒంటికి నీరు పట్టుట, గుండె బలహీనపడుట దాని లక్షణములు.

మరలో బాగుగా పాలిష్ పట్టిన పచ్చి బియ్యమే దీనికి ముఖ్య కారణము. తవుడుతో పాటు బి1 విటమిను పోయెడిది. మిగిలిన కొద్దిపాటి కూడ కడుగునీటితోను, వార్చిన గంజితోను పోయెడిది. అదే కాలంలో దక్షిణాన ఉప్పుడు బియ్యము తినువారిలో ఈ వ్యాధి అరుదు. వడ్లను నానబెట్టి ఉడికించినపుడు పై పొరలలోని బి1 గింజ లోపలికి చేరును. అందువలన మర పట్టినను అది పూర్తిగా పోదు. 1918లో రాబర్ట్ మెక్‌కారిసన్ కూనూరులో ఆరంభించిన బెరిబెరి పరిశోధనయే క్రమంగా పెరిగి, 1958లో హైదరాబాదుకు తరలి, 1969 నుండి జాతీయ పోషకాహార సంస్థగా పేరొందినది.

చరక సంహిత విమానస్థానంలో ఆహారమునకు ఎనిమిది విశేషములు చెప్పబడినవి. వానిలో కరణము, అనగా సంస్కారము, ఒకటి. పదార్థము ఒకటే అయినను సంస్కారమును బట్టి గుణము మారునని దాని భావము. బెరిబెరి చరిత్ర దీనికి చక్కని నిదర్శనము.

సంయోగ బలము

ఆ ఎనిమిదింటిలో సంయోగము మరొకటి. ఆకుకూరలలోని ఇనుము ఒంటికి తేలికగా పట్టదు. నిమ్మ, ఉసిరి, జామ వంటి సి విటమిను గల పండ్లు తోడైనచో మెరుగుగా పట్టును. భోజనము వెంటనే టీ, కాఫీ త్రాగినచో ఆ పట్టుదల తగ్గును. మునగాకులోని కెరోటిను శరీరానికి అందవలెనన్న కొంచెము నెయ్యియో నూనెయో కావలెను. పప్పులో నేతిచుక్క రుచికి మాత్రమే కాదు.

రాశి మించినచో

సి, బి వర్గపు విటమినులు నీటిలో కరగును గనుక ఎక్కువైనవి చాలవరకు మూత్రముతో పోవును. ఎ, డి అట్లుగాక ఒంటిలో నిలువ ఉండును. డి మితిమీరినచో రక్తంలో కాల్షియం పెరిగి మూత్రపిండములు చెడవచ్చును. గర్భిణి ఎ విటమిను అధిక మోతాదులో పుచ్చుకొనినచో శిశువుకు హాని.

ఫిన్లాండ్ దేశంలో పొగ త్రాగే 29,133 మంది పురుషులపై జరిగిన పరీక్ష ఫలితములు 1994లో వెలువడినవి. బీటా కెరోటిను మాత్రలు పుచ్చుకొన్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సరు తగ్గలేదు సరిగదా, 18 శాతము పెరిగినది. ఆకుకూరలో మేలు చేసే పదార్థమే విడదీసి అధికంగా ఇచ్చినపుడు మేలు చేయవలెనన్న నియమము లేదు.

మాత్ర మానరాని సందర్భములు

భీమవరంలో 1895లో జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు మద్రాసు ఆయుర్వేద కళాశాలలో అధ్యాపకులుగా పనిచేసినవారు. వారి సోదరుడు స్ప్రూ వ్యాధితో మరణించారు. తరువాత అమెరికాలో వారి నేతృత్వంలోనే 1945లో ఫోలిక్ ఆమ్లము కృత్రిమంగా తయారైనది. అది స్ప్రూకు, కొన్ని రకముల పాండురోగమునకు ఔషధమైనది. ఆకు పేరనే వెలసిన ఆ విటమిను ప్రయోగశాలలో పుట్టినంత మాత్రాన త్యాజ్యము కాదు.

గర్భిణులకు ప్రభుత్వము ఇచ్చు ఐరన్–ఫోలిక్ ఆమ్లపు మాత్ర ఒక్కొక్క దానిలో 60 మిల్లీగ్రాముల ఇనుము ఉండును. అంత ఇనుము గర్భకాలంలో నిత్యము ఆకుకూరలతో సమకూరదు. మలము నల్లబడినదని, విరేచనము సాగలేదని దానిని మానివేయు గృహిణులు మన పల్లెలలో ఎందరో ఉన్నారు. నలుపు వలన హాని లేదు. మలబద్ధమునకు ఎక్కువ నీరు, ఎండుద్రాక్ష, ఆకుకూరలు సహాయపడును. అప్పటికీ తగ్గనిచో వైద్యునికి చెప్పి వేరు మార్గము చూచుకొనవలెను గాని మాత్ర మానరాదు. ప్రసవ వేళ రక్తస్రావమైనచో అంతకు ముందే రక్తహీనతతో ఉన్న తల్లి ప్రాణము నిలుపుట కష్టము.

బి12 శాకములలో ఉండదు. పాలు, పెరుగు కూడ విడిచిన శాకాహారులకు మాత్ర తప్పదు. మధుమేహమునకు మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడువారు కాళ్లు తిమ్మిరెక్కినచో బి12 పరీక్ష చేయించుకొనవలెను. ఎండ తగలక ఇంటనే ఉండు వృద్ధులు డి విటమిను విషయమై వైద్యుని సంప్రదింపవలెను.

ఇంటిలో ఆచరింపదగినవి

1. దంపుడు బియ్యము గాని, తక్కువ పాలిష్ పట్టినవి గాని వాడుట. ఒకటి రెండుసార్లకు మించి కడుగక, గంజి వార్చకుండ అత్తెసరుగా వండుట.

2. వారమునకు మూడు నాలుగు పర్యాయములు పెసరపప్పుతో మునగాకుగాని, తోటకూరగాని. దించిన పిమ్మట నిమ్మరసము పిండుకొనవలెను.

3. నువ్వులు, బెల్లము కలిపిన ఉండ పిల్లలకు దినమునకు ఒకటి. మధుమేహులకు బెల్లము వర్జ్యము.

4. వారానికి కొన్ని పర్యాయములు రాగి జావ. నూరు గ్రాముల రాగులలో సుమారు 340 మిల్లీగ్రాముల కాల్షియం ఉండును.

5. ఋతువులో ఉసిరి, జామ. చరకుడు నిత్యము సేవింపదగిన వానిలో ఉసిరికను పేర్కొన్నాడు.

ఆరోగ్యవంతునికి విస్తరి చాలును. లోపము పరీక్షలో తేలినవానికి మాత్ర ఔషధము; దానిని మోతాదు ప్రకారము, కాలపరిమితితో పుచ్చుకొనవలెను. నలుగురూ వేసికొనుచున్నారని మాత్ర మొదలుపెట్టుటయు, ఎవరో వద్దన్నారని మానివేయుటయు రెండూ తగవు.