నల్లమల నరికితే గుండ్లకమ్మ ఎండుతుంది

ఎక్కడో అమెజాన్ అడవి తగలబడితే ప్రపంచమంతా గగ్గోలు పెడుతుంది. పెట్టవలసిందే. కాని మన తలాపునే ఉన్న నల్లమల మాటేమిటి?

నల్లమల ఏడాది పొడుగునా వానలు పడే అడవి కాదు, ఎండాకాలంలో ఆకు రాల్చే అడవి. పులి, ఎలుగుబంటి, దుప్పి, కణితి, అలుగు అందులో బతుకుతున్నాయి. బెట్టుడుత నేల దిగకుండా కొమ్మ నుంచి కొమ్మకు దూకుతూ తిరుగుతుంది. నడుమ చెట్లు కొట్టేస్తే దాని దారి తెగిపోతుంది. పాలపిట్ట, చిలుక, గుడ్లగూబ ముసలి మానుల తొర్రల్లో గుడ్లు పెడతాయి. ఆ మాను కూలితే వాటికి ఇల్లు లేదు.

'పిట్టలతో మనకేం పని?' అంటారు కొందరు. పని ఉంది. పాలపిట్ట, పసులపోలిగాడు మిడతలను, పురుగులను తింటాయి. గుడ్లగూబ ఎలుకలను తింటుంది. పిట్ట కరువైతే పురుగుమందు ఖర్చు, దాంతో అప్పు పెరుగుతాయి. అంతకన్నా పెద్దది నీటి సంగతి. గుండ్లకమ్మ పుట్టింది నల్లమలలోనే. కంభం చెరువు నిండేది ఆ కొండల నీటితోనే. చెట్టు పోతే వాన నీరు మట్టిని ఊడ్చుకొని ఒక్క పూటలో పారిపోతుంది. చెరువు పూడుతుంది, బావి ఎండుతుంది. చేనెండితే కూలీకి పనేది? వలసే గతి.

అడవిని తిన్నదెవరు? కట్టెలమోపు తెచ్చుకునే కూలి మనిషిని పట్టుకోవడం తేలిక. కలప కూపులు, వెదురు కూపులు వేలం పాడుకున్నది మాత్రం కంట్రాక్టర్లు. 1983లో నల్లమల పులుల రక్షిత ప్రాంతమైంది. పులిని కాపాడాలి, సరే. తరతరాలుగా అక్కడ బతుకుతున్న చెంచులను పరాయివాళ్లను చేయడమెందుకు?

2006 అటవీ హక్కుల చట్టం అడవిని కాపాడుకునే హక్కు గ్రామసభకు ఇచ్చింది. కేంద్రం 2022లో తెచ్చిన నిబంధనలేమో, ఆ హక్కులు తేలకముందే అడవిని ప్రాజెక్టులకు మళ్లించే తుది అనుమతికి వీలు కల్పించాయి. అయినా జనం కదిలితే ఆగనిది లేదు. అమ్రాబాద్ వైపు యురేనియం అన్వేషణ మీద ఆందోళన లేచాక, 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభే వద్దని తీర్మానించింది.

మన వంతు పనీ ఉంది. ఉచ్చులు, కరెంటు తీగలు మానాలి. అవి జంతువులనే కాదు, రాత్రి చేనికి పోయే కూలీనీ చంపుతాయి. పంట నష్టానికి పరిహారం గట్టిగా అడగాలి. చెంచుల హక్కు పత్రాల కోసం వాళ్ల పక్కన నిలబడాలి. అడవి నిలిస్తేనే చెరువు, చెరువు నిలిస్తేనే కూలి.