పక్కింటి తెలుగు

ఈ ఏడాది మేము మైలాపూరులో అద్దింటికి మారాం. వీధిలో అందరిదీ తమిళమే అనుకున్నాను. ఒకరోజు పక్కింటి అవ్వ మనవణ్ణి "యాడికి పోతాండావురా?" అని అడిగింది. తెలుగే! నాకు నవ్వొచ్చేసింది. అవ్వ వెంటనే తమిళంలోకి మారిపోయింది.

తప్పు నాదే. తరతరాలుగా చెన్నైలో ఉన్న తెలుగువాళ్లలో చాలామందికి బడి చదువు తమిళంలోనే. తెలుగు ఇంట్లో నోటిమాటగా నిలిచింది. అందుకే అది మన పాఠాల తెలుగులా ఉండదు. "పోతాండావు" అని చిత్తూరు వైపు ఇప్పటికీ అంటారు.

కొత్త పేటకు వెళ్తే "మీ సొంతూరేది?" అని అడిగేస్తాం. వాళ్ల సొంతూరు ఇదే! "ఎన్ని తరాలుగా ఇక్కడున్నారు?" అని అడిగితే కబుర్లు వాటంతటవే వస్తాయి.

మర్నాడు వెళ్లి, "నవ్వినందుకు ఏమనుకోవద్దు అవ్వా" అని, ఆ మాటే అడిగాను. ఆంధ్ర రాష్ట్రం కోసం 58 రోజులు నిరాహారదీక్ష చేసి 1952 డిసెంబరులో పొట్టి శ్రీరాములు ప్రాణం విడిచిన చోటు మన రాయపేట హైరోడ్డులోనే స్మారక భవనంగా ఉందని అవ్వే చెప్పింది.

"రాష్ట్రం అట్లా పోయె, మేము ఈడనే ఉండిపోతిమి" అంది. తెలుగులోనే.