ఇంట్లో ఆక్సిజన్ ఎవరికి అవసరం?

విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారుజామునే ఐసులో చేపలు సర్దే ఒక మహిళను ఊహించుకోండి. ఏళ్ల తరబడి పీల్చిన చుట్టపొగ, కట్టెపొయ్యి పొగ వల్ల ఆమెకు సీవోపీడీ వచ్చింది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. ఆమెకు ఇంట్లో ఆక్సిజన్ పెట్టాలా?

ఆయాసాన్ని బట్టి దీన్ని నిర్ణయించరు. విశ్రాంతిగా ఉన్నప్పుడు ధమని రక్తంలో ఆక్సిజన్ పీడనం 55 మి.మీ. పాదరసం గానీ, సంతృప్తత 88 శాతం గానీ మించకూడదు. పీడనం 56–59 మధ్య ఉంటే, గుండె కుడిభాగంపై భారం పడి కాళ్లు వాచడమో, ఎర్రరక్తకణాలు మితిమీరి పెరగడమో తోడై ఉండాలి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఐసులో పెట్టి తీసిన వేలికి పల్స్ ఆక్సీమీటర్ తగిలిస్తే అంకె తప్పుగా రావచ్చు, ఎందుకంటే చల్లబడిన వేలిలో రక్తప్రసరణ తగ్గుతుంది. వేలు వెచ్చబడ్డాకే చూడాలి. అప్పుడైనా అది తొలి సూచనే. ధమని రక్తపరీక్షతో నిర్ధారించుకోవాలి. జబ్బు ముదిరి ఆసుపత్రిలో ఉన్నప్పటి అంకెతో జీవితకాలపు నిర్ణయం చేయరు. మందులు వాడి కుదుటపడ్డాక, సుమారు మూడు వారాల వ్యవధిలో రెండుసార్లు పరీక్షిస్తారు.

ఇంత పట్టింపు ఎందుకు? 1981లో వెలువడిన బ్రిటిష్ పరిశోధనలో, ఆక్సిజన్ బాగా తగ్గినవారు రోజుకు కనీసం 15 గంటలు దాన్ని తీసుకుంటే మరణాలు తగ్గాయి. 2016 నాటి అమెరికా పరిశోధనలో, కొద్దిగా మాత్రమే తగ్గినవారికి ఆ మేలు కనిపించలేదు.

అర్హత తేలినా చుట్ట మానాల్సిందే. ఆక్సిజన్ దగ్గర చిన్న నిప్పురవ్వ కూడా భగ్గుమంటుంది.