హాస్టల్ సిబ్బంది గోడు పట్టేదెవరికి?

విశాఖపట్నం: విశ్వవిద్యాలయ వసతి గృహాలలో తెల్లవారక ముందే వెలిగేది వంటశాల దీపం. ఏడింటికల్లా పిల్లలకు ఇడ్లీ, ఉప్మా అందాలంటే వంటవారు నాలుగింటికే పొయ్యి దగ్గర నిలబడాలి. రాత్రి భోజనాలు ముగిసి గుండిగలు కడిగేసరికి పది కొడుతుంది. మధ్యాహ్నం దొరికే కాస్త తెరిపి ఇల్లు దూరమైన వారికి అక్కరకు రాదు, బియ్యం బస్తాల పక్కనే నడుం వాల్చాలి. గంజి వార్చేటప్పుడు చేయి జారితే కాళ్లు బొబ్బలెక్కుతాయి.

ఇది కంటికి కనిపించే కష్టం. కనిపించనిది మరొకటి ఉంది. రెండు పూటలుగా అన్నానికి రాని పిల్లవాణ్ణి ముందుగా పసిగట్టేది వడ్డించే మనిషే. అర్ధరాత్రి ఆరని దీపాన్ని చూసేది వాచ్‌మనే. వార్డెనుతో చెప్పుకోలేని బెంగ ‘అన్నా’, ‘అక్కా’ అంటూ వీరి దగ్గరే బయటపడుతుంది.

2023లో విశాఖలో నీట్ శిక్షణ పొందుతున్న ఒక విద్యార్థిని మృతి కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న 15 మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో కౌన్సిలర్ ఉండాలన్నది ఒకటి. బోధనేతర సిబ్బందికి కూడా ఏడాదికి రెండుసార్లు మానసిక ప్రథమ చికిత్సలో శిక్షణ ఇవ్వాలన్నది మరొకటి. మంచిదే. అయితే శిక్షణ నిద్రకు బదులు కాదు. భవనమంతటికీ ఒక్కడే కాపలా ఉన్నచోట ఎన్ని గదులని కనిపెట్టగలడు?

ఏదైనా జరగరానిది జరిగితే మొదటి సంజాయిషీ అతనిదే. తలుపు పగలగొట్టి లోపలికి వెళ్లిన మనిషి మర్నాటి రాత్రి అదే వరండాలో కూర్చోవాలి. కౌన్సిలర్ ఉన్నచోట కూడా ఆ గది విద్యార్థుల కోసమేనని వీరి అభిప్రాయం.

వైద్యం సంగతీ అంతే. ఔట్‌సోర్సింగ్ వారిలో నెల జీతం రూ.21,000 మించని వారికి ఈఎస్ఐ ఉంది. 2019 జూలై నుంచి నూటికి ముప్పావలా కార్మికుని వాటా, మూడుంపావు రూపాయలు యజమాని వాటా. డబ్బు కట్టినదీ లేనిదీ కాంట్రాక్టరును నిలదీసే ధైర్యం ఎందరికి ఉంటుంది?

వారానికో సెలవు, రాత్రి కాపలాకు రెండో మనిషి, కౌన్సిలర్ దగ్గర సిబ్బందికీ ఒక గంట. ఇవి ఖజానా ఖాళీ అయ్యే కోరికలు కావు. 2022 అక్టోబరులో మొదలైన టెలీమానస్ 14416కు ఎవరైనా, ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. హాస్టళ్లలో రాయిస్తున్న ఆ నంబరును అధికారులు వంటశాల గోడ మీద కూడా రాయించాలి.